సర్దారు పిల్లల పళ్ళు

బేకరీ ఆవిడ వచ్చేసరికి చిట్టి వెనక షెడ్డులో పైపు పట్టుకుని నేల కడుగుతోంది. నలభై దాటినా, కణతల దగ్గర జుట్టు నెరిసినా ఇంటా బయటా అందరికీ ఆమె చిట్టే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అంటుంది. అది అబద్ధమేమీ కాదు. పొద్దున లేస్తే కుక్కలు, పొద్దుగూకితే కుక్కలు. సన్నటి కాళ్ళు, పొడుగాటి మూతి, పట్టులాంటి ఒళ్ళు ఉన్న చిన్న వేటకుక్కలవి. వేటాడింది ఏ కాలంలోనో గానీ, ఇప్పుడు వాటి పనల్లా మనుషుల ఒళ్ళో ముడుచుకుని పడుకోవడమే.

ఆ కుక్కల్ని పెంచడం మొదలుపెట్టింది వాళ్ళ నాన్న. ఆయన పోయే ముందు మగవి కొడుక్కి, ఆడవి కూతురికి అని పంచిపెట్టి పోయాడు. పని పంపకం మాత్రం ఇంకోలా జరిగింది. కడగడం, తినిపించడం, కాన్పులు చెయ్యడం, పిల్లల్ని కళ్ళు తెరిచేదాకా ఒళ్ళో పెట్టుకుని సాకడం చిట్టి వంతు. తన వాటా మగకుక్క సర్దారుని పోటీలకు తీసుకెళ్ళి, కప్పు పట్టుకుని ఫోటో దిగడం అన్నయ్య వంతు. అన్నయ్య ఆ జాతి కుక్కల క్లబ్బుకి ప్రెసిడెంటు. అందుకని ఊళ్ళో అందరూ ఆయన్ని ప్రెసిడెంటు గారనే పిలుస్తారు. ఇంట్లో వదిన కూడా అలాగే పిలుస్తుంది, కాకపోతే ఆవిడ నోట ఆ మాట కొంచెం వేరే రాగంలో వస్తుంది.

నీళ్ళ చప్పుడులో కూడా ముందుగదిలోంచి అన్నయ్య గొంతు వినిపించి చిట్టి పైపు కట్టేసింది.

"బేకరీ కదా మీది. మిగిలిపోయిన కేకులు, బన్నులు, క్రీములు అన్నీ దీని మొహాన కొట్టుంటారు. ఇప్పుడొచ్చి పళ్ళు పాడయ్యాయంటే నేనేం చెయ్యను?"

"ఒక్క ముక్క పెట్టలేదండీ. మీరు చెప్పిన తిండే పెట్టాను. మా ఆయన నవ్వుతాడు కూడా, మనకంటే దానికే మంచి భోజనం అని."

చిట్టి చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. బేకరీ ఆవిడ గది మధ్యలో నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అన్నట్టు లేదు. మోచేతి దగ్గర ఇంకా మైదాపిండి అంటుకుని ఉంది. భుజానికి చుట్టుకున్న శాలువాలోంచి బూడిదరంగు మూతి ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. చిట్టి వాసన తగలగానే శాలువా లోపల తోక టపటపా కొట్టుకుంది.

"గవ్వా!" అంది చిట్టి.

ముడుచుకుని పడుకుంటే అచ్చం గవ్వలా ఉంటుందని ఆ పేరు పెట్టింది చిట్టే. పుట్టినప్పుడు ఊపిరి లేదు దానికి. తువ్వాలుతో రుద్ది రుద్ది, మూతి దగ్గర ఊది ఊది, చివరికి అది కీచుమన్నాక గాని చిట్టి గుండె కుదుటపడలేదు. అలాంటి పిల్లని బేకరీ ఆవిడ చేతుల్లో పెడుతూ ఆ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

ఇప్పుడు దాని పెదవి మెల్లగా పైకెత్తి చూసింది.

పళ్ళలా లేవవి. పాత తలుపుకి కొట్టి వదిలేసిన తుప్పు మేకుల్లా ఉన్నాయి. చిన్నవి, మొనదేలినవి, ఒకదానికొకటి ఎడంగా. రంగు ముదురు గోధుమ. పైన నున్నగా ఉండాల్సిన చోటంతా గరుకుగా, గుంటలు గుంటలుగా ఉంది. చిగుళ్ళు ఎర్రగా వాచాయి. వేలు తగిలీ తగలగానే గవ్వ తల వెనక్కి లాక్కుంది. అంతలోనే, తప్పు తనదే అన్నట్టు, చిట్టి వేలు నాకింది.

"ఎప్పటినుంచీ ఇలా?"

"పాలపళ్ళే కొంచెం బూడిదరంగుగా ఉండేవమ్మా. ఊడిపోయేవే కదా అనుకున్నాను. కొత్తవి వచ్చేటప్పుడే ఇలా వచ్చాయి. చన్నీళ్ళు తాగితే కుయ్యిమంటుంది. తాడు బొమ్మ ఒకటి కొనిచ్చాను, కొరకబోయి వదిలేసి దాని పక్కనే కూర్చుంటుంది."

"చిన్నప్పుడు జబ్బేదైనా చేసిందా?" అన్నాడు అన్నయ్య కుర్చీలోంచి లేవకుండానే.

"ఒకసారి విరేచనాలైతే మందు వేయించాం."

"అదీ సంగతి!" అన్నయ్య తొడ మీద చరుచుకున్నాడు, పెద్ద చిక్కుముడి విప్పినట్టు. "కనిపించిన మందల్లా మింగిస్తే ఇంకేమవుతుంది? తిండి అలాంటిది, మందు ఇలాంటిది. మా నాన్నగారి కాలం నుంచీ మచ్చలేని వంశం ఇది. సర్దారు పళ్ళు చూశారా ఎప్పుడైనా? ముత్యాలు! ఆ తండ్రికి పుట్టిన పిల్లని తీసుకెళ్ళి మీరు ఈ గతి పట్టించారు."

బేకరీ ఆవిడ మొహం కందిపోయింది. శాలువా సర్దుకుని బయటికి నడిచింది. చిట్టి గేటు దాకా వెంట వెళ్ళింది.

"పిల్లలా పెంచానమ్మా," అంది ఆవిడ గేటు పట్టుకుని. "నా చేత్తో నేనే దీని నోరు పాడుచేశానంటే..."

గవ్వ మూతిని శాలువాలోకి నెట్టి గేటు దాటింది.

అప్పటికి చిట్టికి అన్నయ్య మీద ఇంకా కోపం రాలేదు. ఆయన మాటతీరే అంత అనుకుంది. అయితే ఆ సాయంత్రమే ఆయన తీరిగ్గా పడక్కుర్చీలో కూర్చుని ఫోనులో క్లబ్బు గ్రూపుకి ఒక హెచ్చరిక రాశాడు. తీపి పదార్థాలు అమ్ముకునే ఇళ్ళకు మన కుక్కపిల్లల్ని ఇవ్వకండి, ఇచ్చేముందు కొనేవాళ్ళ చదువూ సంధ్యా చూసుకోండి, లేకపోతే ఇదిగో ఇలా అవుతుంది అని. పేరు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. ఆ పేటలో బేకరీ అదొక్కటే.

రెండు రోజుల తర్వాత చిట్టి బ్రెడ్డు కోసం వెళ్తే, గల్లాపెట్టె దగ్గర ఎవరో పెద్దమనిషి సరదాగా అంటున్నాడు. "కుక్కకి కేకులు పెట్టి పళ్ళు ఊడగొట్టారటగా! మాకు జాగ్రత్త సుమా, మా పళ్ళు అసలే అంతంతమాత్రం." పక్కనున్నవాళ్ళు నవ్వారు. బేకరీ ఆవిడ కూడా నవ్వింది. కానీ పొట్లానికి కట్టిన దారం ముడి మళ్ళీ విప్పి మళ్ళీ కట్టింది.

చిట్టికి ఒళ్ళంతా కారం పూసినట్టయింది. జనం తగ్గేదాకా ఆగి, గల్లా మీదికి వంగింది.

"రేపు కొట్టు కాసేపు మీ ఆయనకి అప్పజెప్పండి. గవ్వని తీసుకుని పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"ఎందుకమ్మా, ఆవిడ కూడా నన్నే తిట్టడానికా?"

"తిడితే ఇద్దరం కలిసి తిందాం తిట్లు. పదండి."

జంతువుల పళ్ళు మాత్రమే చూసే డాక్టరమ్మ ఆవిడ. మొహంలో సగం కళ్ళద్దాలే. మాటలు పొదుపు. రబ్బరు పట్టా పరిచిన ఇనపబల్ల మీద గవ్వని కూర్చోబెట్టి, పైనున్న దీపం కిందికి లాగి, చాలాసేపు నోట్లోకి చూసింది. తర్వాత చిట్టి వైపు తిరిగింది.

"వీటిలో బాగున్న పన్ను ఏదో చూపించండి."

చిట్టి వంగి వెతికింది. ముందు పళ్ళు, కోరలు, దవడ పళ్ళు, అన్నీ ఒకేలా ఉన్నాయి.

"ఒక్కటీ లేదండీ."

"అదే చెబుతున్నాను. జ్వరం వల్లో మందు వల్లో అయితే, ఆ రోజుల్లో చిగురు లోపల తయారవుతున్న పళ్ళకే దెబ్బ తగులుతుంది. కొన్నింటి మీద అడ్డంగా పట్టీ వేసినట్టు మచ్చ పడుతుంది, మిగతావి తెల్లగానే వస్తాయి. దీనికి పాలపళ్ళూ అంతే, అసలు పళ్ళూ అంతే. ముందువీ అంతే, వెనకవీ అంతే. పంటి మీద గట్టి పొర ఉంటుందే, ఎనామెల్, అది దీనికి సరిగ్గా తయారే కాలేదు. పుట్టుకతో వచ్చిన లోపం."

"మరి బన్నులు..." అంది బేకరీ ఆవిడ నెమ్మదిగా. "నేను పెట్టలేదండీ. ఒకవేళ మా ఆయన నాకు తెలీకుండా పెట్టినా..."

"బన్నులు పెడితే లావెక్కుతుంది. పన్ను పైకి రాకముందే దాని పొర బన్ను ఎలా తినేస్తుందమ్మా?"

"అయితే నేను కాదా?"

"మీరు కాదు."

"ఇంకొక్కసారి చెప్పండి."

"మీరు కాదమ్మా," అంది డాక్టరమ్మ, ఈసారి కళ్ళద్దాలు తీసి.

బేకరీ ఆవిడ గోడవార బల్ల మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. గవ్వ కంగారుపడి బల్ల మీదినుంచి దూకబోతే చిట్టి పట్టుకుంది.

డాక్టరమ్మ నెమ్మదిగా విప్పి చెప్పింది. పంటి పొర తయారు చేసే జన్యువుకి ప్రతి కుక్కలోనూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ చెడ్డవే వస్తే పళ్ళు ఇలా అవుతాయి. ఒకటే చెడ్డదైతే పళ్ళు బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ ఆ కుక్క లోపాన్ని లోపల మోస్తూ తిరుగుతుంది, పిల్లలకి పంచుతుంది. అలా మోసే కుక్కలు రెండింటిని జత కట్టిస్తే, కొన్ని పిల్లలకి ఈ గతి తప్పదు.

"చూసి కనిపెట్టలేమా?"

"చూస్తే తెలీదు. బుగ్గ లోపల దూది పుల్లతో నాలుగుసార్లు రుద్ది ల్యాబుకి పంపితే తెలిసిపోతుంది. సూది లేదు, నొప్పి లేదు. మోసే కుక్కని చంపక్కర్లేదు, పారెయ్యక్కర్లేదు. లోపం లేని కుక్కతోనే జత కట్టించండి, ఒక్క పిల్లకీ పళ్ళు పాడవ్వవు. అంతే."

"ఇంతేనా?" అంది చిట్టి. "ఇంత చిన్న పనా? మరి మాకెవరూ చెప్పలేదేం?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని ఆమెని వింతగా చూసింది.

"మీ అన్నయ్యగారు ఇంట్లో చెప్పలేదా? పోయినేడాది ఇలాంటివే ఇంకో రెండు కుక్కలు నా దగ్గరికి వచ్చాయి. రెండింటి తండ్రీ సర్దారే. నేనే ఆయన్ని పిలిపించాను. ఇదిగో, మీరు నిలబడ్డ చోటే నిలబెట్టి ఇప్పుడు మీకు చెప్పిందంతా చెప్పాను. దూది పుల్ల కూడా చేతికిచ్చాను. మా వంశంలో అలాంటివి లేవంటూ సర్దారుని చంకనేసుకుని వెళ్ళిపోయారు."

చిట్టి నెలలు లెక్కపెట్టుకుంది. ఆ తర్వాతే కదా గవ్వ పుట్టింది! ఆ జత కట్టించింది అన్నయ్యే. సర్దారుకి తగిన పెళ్ళాం వెండేనని, చిట్టి వాటాకి వచ్చిన వెండిని ఏరికోరి అడిగి మరీ కట్టించాడు. కాన్పు జరుగుతుంటే తలుపు దగ్గర నిలబడి ఫోటోలు తీశాడు. ఊపిరి లేని పిల్లని తను తువ్వాలుతో రుద్దుతుంటే, ఆ పిల్ల నోట్లో ఏం పెరగబోతోందో తెలిసే అవకాశం చేతిలో ఉంచుకుని, నోరు మెదపకుండా నిలబడ్డాడు. అన్నీ తెలిసినవాడే మొన్న ఈవిడ మొహం మీద బన్నుల కథ చెప్పాడు.

ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆమెకే తెలీదు. అన్నయ్య కప్పులు తుడుచుకుంటున్నాడు. వదిన పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"పళ్ళ డాక్టరమ్మ నీకు దూది పుల్ల ఇచ్చిందట. ఏం చేశావ్?"

అన్నయ్య చేతిలో గుడ్డ ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఓ, అక్కడిదాకా వెళ్ళావా? ఆవిడకేం, టెస్టులు రాస్తే గాని పొద్దుపోదు."

"ఏం చేశావని అడిగాను."

"ఏం చేస్తారు? చెవిలో తిప్పుకున్నాను. చాలా?" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు గొంతు మార్చాడు. "చూడు చిట్టీ, పంటి మీద మరక, అంతే. దానికి కుక్కలేం చావవు. అదేమైనా పళ్ళపొడి ప్రకటనలో నటించాలా?"

"చన్నీళ్ళు తాగితే ఏడుస్తోందన్నయ్యా అది!"

"అయితే వేణ్ణీళ్ళు పొయ్యమను."

"నీకు తెలుసు. తెలిసే ఆవిణ్ణి అన్నన్ని మాటలన్నావు. ఊరంతా చాటావు. పొట్లం కట్టడానికి చేతులు రావడం లేదు ఆవిడకి!"

"మరేం చెయ్యమంటావ్? సర్దారుని చంపెయ్యమంటావా?" అన్నయ్య కప్పు ఠకీమని బల్ల మీద పెట్టాడు.

"చంపమని ఎవరన్నారు? లోపం లేని కుక్కతో కట్టించమంది డాక్టరమ్మ. అంతే. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అడగలేదు."

"అంతే అంటావేం? ఒకసారి టెస్టు అన్నామా, ప్రతివాడూ ఏదీ చూపించమంటాడు. ప్రెసిడెంటు కుక్కకే లోపముందట అంటారు. నాన్నగారు కట్టిన పేరు గంగలో కలుస్తుంది. నీకేం, షెడ్డు కడుక్కుంటావు, నలుగురిలో తలెత్తుకు తిరగాల్సింది నేను."

వదిన మడతపెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుని మొగుడి వైపు చూసింది. ఆ చూపు అన్నయ్యకి గుచ్చుకున్నట్టే ఉంది, లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయాడు.

చిట్టి ఆ తర్వాత ఆయనతో వాదించలేదు. తన ఆడకుక్కలన్నింటి నోళ్ళూ తెరిచి బుగ్గల్లో పుల్లలు తిప్పింది. బేకరీ ఆవిడ చేత గవ్వ నోట్లో కూడా తిప్పించింది. వెండి మర్యాదగా నోరు తెరిస్తే, దాని అక్క పుల్లని సగం నమిలేసింది. ఇంకోటి తెప్పించాల్సి వచ్చింది. అన్నయ్య సర్దారుని తన గదిలో పెట్టి తలుపు వేసుకున్నాడు.

"వేసుకోనివ్వండి," అంది డాక్టరమ్మ, ఫలితాలు వచ్చాక ఫోనులో. "గవ్వకి రెండూ చెడ్డవేనని తేలింది. అంటే తల్లి ఒకటి ఇచ్చింది, తండ్రి ఒకటి ఇచ్చాడు. ఇంక సర్దారు నోరు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే."

చిట్టి కుక్కల్లో వెండితో పాటు ఇంకోదాన్లోనూ లోపం దాగి ఉందని తేలింది. మిగతావి శుభ్రంగా ఉన్నాయి. తన వెండి కూడా అందులో ఉందని తెలిసి చిట్టి కాసేపు దిగులుపడింది. కానీ ఆ దిగులు మాట ఎక్కడా దాచాలనిపించలేదు. దాచి ఏం చేసుకోవాలి?

క్లబ్బు వార్షిక సభ వచ్చింది. పెద్ద హాలు, మడత కుర్చీలు, కుర్చీకో మనిషి, మనిషి ఒళ్ళో కుక్క. వేదిక మీద అన్నయ్య. ఆయన ఆ ఏడు మాట్లాడటానికి ఎంచుకున్న విషయం 'కొనేవారి బాధ్యత'. ఆ సంగతి విన్నప్పుడు చిట్టి నమ్మలేకపోయింది. మనిషికి ఎంత ధైర్యముంటే గాని ఆ మాట నోటికి రాదు! వెనక వరసలో బేకరీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని వింది.

"మనం మేలుజాతి పిల్లని ముద్దుగా చేతిలో పెడతాం," అంటున్నాడు అన్నయ్య. "వాళ్ళు తెలివితక్కువగా చెత్తా చెదారం తినిపించి, పళ్ళు పాడుచేసి, మన మీద పడతారు. ఈ మధ్యనే ఒక ఉదాహరణ..."

"ఆ ఉదాహరణ ఇక్కడే ఉంది ప్రెసిడెంటు గారూ!" చిట్టి లేచి నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యని అలా పిలవడం అదే మొదలు. "మొహం చూసి మాట్లాడండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. కుక్కలు కొన్ని మొరిగాయి. బేకరీ ఆవిడ గవ్వని ఎత్తుకుని మధ్యదారిలో నడిచింది, పక్కన చిట్టి.

"చిట్టీ, ఇంట్లో మాట్లాడుకుందాం," అన్నాడు అన్నయ్య మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టి.

"ఇంట్లో అడిగాను. నువ్వు వేణ్ణీళ్ళు పొయ్యమన్నావు. ఈవిణ్ణి ఊరందరి ముందూ అన్నావు, జవాబు కూడా అందరి ముందే విను." తర్వాత జనం వైపు తిరిగింది. "ఇది నా చేతుల మీద పుట్టిన పిల్ల. తల్లి నా వెండి, తండ్రి సర్దారు. దీని పళ్ళు పాడైంది బన్నుల వల్ల కాదు, మందుల వల్ల కాదు. మేమిచ్చిన రక్తం వల్ల. వెండి లోపాన్ని మోస్తోంది, టెస్టు చేయించాను. సర్దారు కూడా మోస్తోంది. ఆ మాట దాని టెస్టు చెప్పక్కర్లేదు, ఈ పిల్ల నోరే చెబుతోంది. ఈ సంగతి మా అన్నయ్యకి పోయినేడాదే డాక్టరమ్మ చెప్పింది. తెలిసీ మళ్ళీ కట్టించాడు. తెలిసీ ఈవిణ్ణి తిట్టాడు."

మూడో వరసలోంచి సిటీబస్సు నడిపే ఆయన లేచాడు. చేతిలో నల్లకుక్క. దాని పెదవి పైకెత్తి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. అవే తుప్పు మేకులు.

"వీడిదీ సర్దారు సంతానమే," అన్నాడు. "ఎముకలు పెట్టానని నన్నన్నారు. ఎముక మొహమే ఎరగడు వీడు. అయినా నిజమే కాబోలనుకున్నాను. మా అమ్మ ఎప్పుడైనా పెట్టిందేమోనని ఆ ముసలిదాన్ని నిలదీశాను. లేదురా నాయనా అని ఏడ్చింది. నేను నమ్మలేదు." ఆయన కుక్క పెదవి వదిలేశాడు. "పోయింది మా అమ్మ. ఇప్పుడెవరికి చెప్పుకోను?"

బట్టలు కుట్టే ఆవిడ ఒకామె కిటికీ పక్కనుంచి లేచింది. పొయ్యి ముందు పడుకోనిస్తున్నావు, వేడికి పళ్ళు మాడాయి అన్నారట. ఆమె ఏడాదిగా కుక్కని వంటగది గడప తొక్కనివ్వడం లేదు. పిలిచినా అది గడప అవతలే నిలబడి తోకాడిస్తుందట. లెక్కల మాస్టారు ఒకాయన కూర్చున్నచోటినుంచే అన్నాడు, "నాకు చెప్పిన కారణం బోరు నీళ్ళు." ఆయన అది నమ్మి నీళ్ళు కాచి, చల్లార్చి, వడగట్టి పోస్తున్నాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో తప్పు. ఎవరి తప్పు వాళ్ళు ఇంట్లో దాచుకుని, పక్కవాడికి చెప్పుకోవడానికి సిగ్గుపడి బతుకుతున్నారు. తప్పులన్నీ కుట్టి తొడిగింది ఒక్క మనిషి. మనిషిని చూసి కొలతలు తీసినట్టు, ఎవరికి ఏది సరిపోతుందో అది తొడిగాడు.

ఎవరూ చెప్పకుండానే హాలంతా తమ ఒళ్ళోని కుక్కల పెదవులెత్తి చూసుకోవడం మొదలైంది. కుక్కలకి ఆ సభామర్యాద ఏమిటో అర్థంకాక కొన్ని తుమ్మాయి.

"ఇది కుట్ర!" అని అరిచాడు అన్నయ్య. "నా చెల్లెల్ని నా మీదికి ఉసిగొల్పారు. ఇలా లోపం ఉన్న కుక్కకీ లేని కుక్కకీ టెస్టులంటూ పోతే ఈ జాతే మిగలదు!"

"ఎందుకు మిగలదండీ?" బేకరీ ఆవిడ మొదటిసారి నోరు తెరిచింది. గొంతు పెద్దగా లేదు, అయినా వినబడింది. "ఏ కుక్కనీ చంపమనడం లేదు కదా ఎవరూ. పుల్ల తిప్పి చూసి, సరైన జత కట్టమంటున్నారు. అంతేకదా? దానికి మీరు నా కొట్టు ముందు జనాన్ని నవ్వించాలా?"

అన్నయ్య కాగితాలు పోగేసుకుని వేదిక దిగాడు. ఆయన వెంట కొందరు లేచారు. సర్దారు పిల్లల్ని పెట్టుకుని తామూ జతలు కట్టిస్తున్నవాళ్ళు వాళ్ళు. వదిన మాత్రం మొదటి వరసలో కుర్చీలోంచి కదల్లేదు. ఆయన గుమ్మం దగ్గర ఆగి పిలిచాడు. "మీరు పదండి ప్రెసిడెంటు గారూ, నేను టెస్టు మాటకి చెయ్యెత్తి వస్తాను," అంది. ఇకమీదట టెస్టు లేకుండా ఏ కుక్కనీ జత కట్టించకూడదని, ఫలితం కొనేవాళ్ళకి ముందే చెప్పాలని మిగిలినవాళ్ళు చేతులెత్తారు. వదిన చెయ్యి అందరికంటే పైన ఉంది.

అంతటితో అన్నీ చక్కబడ్డాయంటే అబద్ధమవుతుంది. బయటికి వెళ్ళినవాళ్ళు వేరే క్లబ్బు పెట్టుకుని, దానికి అన్నయ్యనే ప్రెసిడెంటు చేశారు. షెడ్డు మధ్యలో ఇనపజాలీ వెలిసింది. అటు సర్దారు, ఇటు వెండి. గవ్వకి మత్తిచ్చి, పనికిరాని పళ్ళు కొన్ని తీసేసి, మిగతావాటి మీద డాక్టరమ్మ పూత వేసింది. మెత్తటి తిండి, రోజూ బ్రష్షు. బేకరీ ఆవిడ తెల్లారుజామున పిండి కలిపి, చేతులు కడుక్కుని, దాని పళ్ళు తోముతుంది. నోటి బాధ తగ్గాక అది తాడు బొమ్మ జోలికి వెళ్ళింది గాని, ఆవిడే భయపడి దాచేసింది. బట్టలు కుట్టే ఆవిడ కుక్క మొదటిరోజు వంటగదిలోకి రమ్మంటే రాలేదట. ఎత్తుకుని తీసుకెళ్ళాల్సి వచ్చింది. వదిన ఒక మధ్యాహ్నం బేకరీకి వెళ్ళి, మొగుడి తరఫున కాదు, తన తరఫున, జనం వింటుండగానే క్షమించమని అడిగి వచ్చింది. అన్నయ్య మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు.

కొన్నాళ్ళకి తెలిసింది. రోడ్డు చివర లారీలు బాగుచేసే మెకానిక్కు ఇంట్లో ఆడకుక్క ఉందని, సర్దారుతో జతకి మాట అయిందని. చిట్టి పుల్లలు పట్టుకుని ఆ లారీల షెడ్డుకి నడిచింది. మెకానిక్కు లారీ కిందినుంచి తల బయటపెట్టి అంతా విన్నాడు.

"సొంత అన్న మీద చెప్పడానికి ఇంత దూరం వచ్చావా అమ్మా?"

"మా అన్న సంగతి వదిలెయ్యండి. మీ కుక్క సంగతి చెప్పడానికి వచ్చాను. ఒక్క నిమిషం పని. దీన్లో లోపం లేకపోతే నిక్షేపంగా కట్టించుకోండి. ఉంటే మాత్రం వద్దు."

ఆయన నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని, కుక్క నోరు తెరిచి పట్టుకున్నాడు. ఫలితం వచ్చింది. శుభ్రమైన కుక్క. జత కట్టించారు. పిల్లలు పుట్టాయి, పెరిగాయి, పాలపళ్ళూ తెల్లగా వచ్చాయి, అసలు పళ్ళూ తెల్లగా వచ్చాయి. చిట్టి వెళ్ళి ఒక్కోదాని పెదవి ఎత్తి చూసి, సంతోషంతో మెకానిక్కు పెళ్ళాం చేతులు పట్టుకుని ఊపేసింది.

ఆ వారమే అన్నయ్య జాలీకి అవతల ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు, ఇటువైపు వినబడాలనే. "చూశారా, సర్దారు పిల్లలు! ఒక్కదాని పంటి మీద నలుసంత మరక లేదు. లోపమట, జన్యువట! వాగినవాళ్ళందరూ ఇప్పుడొచ్చి చూడమనండి."

చిట్టి చేతిలో తిండి గిన్నె జాలీకి ఠంగున తగిలింది. అరవబోయింది. పుల్ల తిప్పింది తను, జత సరిచూసింది తను, ఆ తెల్లటి పళ్ళకి కారణం ఏ టెస్టునైతే ఆయన కాలదన్నాడో ఆ టెస్టే. ఇప్పుడు దాన్నే తన గొప్పగా చెప్పుకుంటున్నాడు! పైగా ఆ పిల్లల్లో సుమారు సగం లోపాన్ని మోస్తూనే ఉంటాయి. వాటిని తీసుకెళ్ళేవాళ్ళకి ఈయన ఒక్క ముక్క చెప్పడు.

గిన్నె కింద పెట్టి, కాళ్ళు కడుక్కుని, చెప్పులేసుకుంది.

"ఎక్కడికి చిట్టీ, ఇంత కోపంగా?" అంది వదిన వాకిట్లోంచి.

"మెకానిక్కు ఇంటికి. పిల్లలు ఎవరెవరి ఇళ్ళకి పోతున్నాయో కనుక్కుని, ఒక్కో ఇంటికీ వెళ్ళి చెప్పి రావాలి."

వదిన కొంగు దోపుకుని, తనూ చెప్పులు వెతుక్కుంది.